లేని తీర్పు

మొగుడు కేశవరావు నల్లకోటు ఇస్త్రీ చేస్తూ వెంకటదుర్గ ఆ మాట వింది.

"ఇక నీతో పనిలేదే దుర్గా. నువ్వు వారమంతా వెతికి తెచ్చే తీర్పుల్ని, ఈ ఫోన్లో ఏఐ కాఫీ చల్లారేలోగా ఇచ్చేస్తోంది. పైగా జీతం అడగదు."

దుర్గ మాత్రం ఎప్పుడడిగింది కనక! ఆమె కూడా లా చదివి, బార్‌లో ప్లీడరుగా పేరు నమోదు చేయించుకున్న మనిషే. అమలాపురం కోడలయ్యాక ఆమె కోటు బీరువా అడుక్కి చేరింది. "నువ్వూ కోర్టుకి పోతే పప్పులో పోపెవరు పెడతారమ్మా?" అని నవ్వేసింది అత్తగారు భూలక్ష్మి. అప్పట్నుంచీ పోపూ దుర్గదే, మొగుడి కేసులకి పాత తీర్పులు వెతకడమూ దుర్గదే. ప్రతి వాయిదాకీ కాపీల సంచితో వెనక బెంచీలో కూర్చునేది. ఆయన వెనక్కి చెయ్యి చాపితే చాలు, కావలసిన కాపీ అందులో పడేది. గెలిచిన రోజున "కేశవరావుగారి బుర్రే బుర్రండీ" అనేవారు తోటి ప్లీడర్లు. ఆయన కాదనేవాడు కాదు.

ఇప్పటి కేసు మలికిపురం హరిబాబుది. కువైట్‌లో సంపాదిస్తూ, రాజోలులో వదిలేసిన పెళ్ళాం లక్ష్మీతులసికి మనోవర్తి ఎగ్గొట్టాలని చూస్తున్నాడు. చదువుకున్న భార్యకి మనోవర్తి అక్కర్లేదంటూ సుప్రీంకోర్టు తీర్పొకటి చూపించింది ఫోను. కేశవరావు దాన్ని హరిబాబు తరఫున వేసే జవాబులో, అదే కౌంటర్లో, ఎక్కించి దాఖలు చేసేశాడు. దుర్గకి అనుమానమొచ్చి కోర్టు వెబ్‌సైట్‌లో వెతికింది. అలాంటి కేసే లేదు. యంత్రం తనంతట తనే అల్లేసింది.

భోజనాల దగ్గర చెప్పబోయింది. "ఏవండీ, ఆ తీర్పు ఒకసారి సరిచూడండి..."

"అక్కడ పోపు మాడుతోంది, ముందు అది సరిచూడు!"

తల్లీ కొడుకూ పగలబడి నవ్వేరు.

దుర్గ వెళ్ళి పోపు చూసుకుంది. ఆవాలు చిటపటలాడుతుంటే లోపల అనుకుంది. ఒకసారి చెప్పాను, ఇక చెప్పను. పడనీ, నిండు కోర్టులో పడనీ. కానీ జడ్జిగారు నమ్మేస్తే? తులసి నోటికాడి కూడు పోతుంది. పిటిషన్లో ఉన్న తులసి నంబరుకి ఫోన్ చేసింది.

"ఆ సుప్రీంకోర్టు తీర్పు కాపీ చూపించమని మీ ప్లీడరుగారిచేత అడిగించమ్మా."

"మీరెవరండీ?"

"పోపు పెట్టుకునేదాన్ని."

వాయిదా రోజు తులసి ప్లీడరు కాపీ అడిగేడు. జడ్జిగారు కళ్ళజోడు తీసింది.

"ఏఐని మేమూ వాడుతున్నామండీ, సాక్ష్యాల తర్జుమాకి. పని బాగా తేలికైంది. కానీ చదివి చూసుకుని సంతకం పెట్టేది మనిషే కదా. కాపీ ఏదండీ?"

కేశవరావు అలవాటుగా వెనక్కి చెయ్యి చాపేడు. చేతిలో ఏమీ పడలేదు. వెనక్కి తిరిగేడు. దుర్గ ఒళ్ళో సంచి ఖాళీగా ఉంది.

"మేడమ్... తీర్పులన్నీ మా ఆవిడే చూస్తుందండీ. పొరపాటు ఆవిడదే!"

ఇన్నేళ్ళలో ఆమె పని గురించి ఆయన కోర్టులో చెప్పడం అదే మొదటిసారి.

దుర్గ లేచి నిలబడింది. "ఆయ్, ఇన్నాళ్ళూ నేనే చూశానండీ మేడమ్. ఈసారి మాత్రం సరిచూడమంటే, వారు నన్ను పోపు చూసుకోమన్నారండీ."

హాలంతా గొల్లుమంది. జడ్జిగారు నవ్వలేదు. కౌంటరు పక్కన పెట్టి, లేని తీర్పు ఎలా వచ్చిందో రేపటికల్లా రాతపూర్వకంగా సంజాయిషీ ఇమ్మంది. కేశవరావు మెడ కోటులోకి కుంగిపోయింది. దుర్గ కళ్ళారా చూసింది.

"కట్టుకున్నవాణ్ణి నడిబజారుకీడ్చేవు కదే!" ఆ సాయంత్రం భూలక్ష్మి శోకాలు పెట్టింది.

కేశవరావు తలెత్తకుండానే అడిగేడు. "రేపు పొద్దున్నే కోర్టుకెళ్ళాలి. కోటు ఇస్త్రీ చేస్తున్నావా?"

"ఆయ్, చేస్తున్నానండీ."

ఇస్త్రీ పెట్టె కింద కలరా ఉండల వాసన వేస్తూ, ఏళ్ళనాటి మడతలు ఒక్కొక్కటే విప్పుకుంటున్న ఆ కోటు దుర్గది.