కుందేళ్లకై చక్కబెట్టిన యిల్లు

అన్యాయము జరిగినది ఎవరికి? సలోమి యను బాలికకు. ఎట్లు జరిగినది? ప్రార్థనరూపమున జరిగినది. తిట్టినవారికి మాఱుపలుకవచ్చును. కొట్టినవారి చేయి పట్టుకొనవచ్చును. కాని పెద్దలందఱు కన్నులు మూసికొని తలలు వంచియుండ నొకరు మన నేరమును దేవునికి విన్నవించుచుండగా నడుమ లేచి కాదనుట యే పసిబిడ్డకును శక్యము గాదు. ఆ విన్నపము చేసినది ఆ బాలిక మేనత్త దయామణి. ఆమె చేసిన దానిని, చాల యేండ్లకు దాని నెట్లు తీర్చుకొన్నదో దానిని ఉన్నదున్నట్లు చెప్పుదును.

వరదవేళ నెఱ్ఱమట్టిని మోసికొనివచ్చి దరులను కోసి వీధులను ముంచి యలసిన గోదావరి శరదాగమమున శాంతించి స్ఫటికనిర్మలజలయై పాఱుచుండ లంకలయందు రెల్లుపూలు శ్వేతచామరములవలె మందమారుతమున నూగుచుండ ప్రభాతసూర్యుని లేయెండ రాజమహేంద్రవరమున నొక మేడయింటి కిటికీకమ్ములగుండ దూఱి నున్నని నేలపై బంగారుచారలు దీర్చుచుండ ఆ చారలనడుమ దయామణి బోర్ల పరుండియుండెను.

బాలికాపాఠశాలకు చిరకాలము ప్రధానోపాధ్యాయినియై చూపుమాత్రముననే తరగతులను నిశ్శబ్దము గావించిన యా వృద్ధ యట్లు నేలకు చెంప యానించుటకు కారణము కలదు. అదే పట్టణమున కళాశాలలో వృక్షశాస్త్రము బోధించుచున్న సలోమి తన యద్దెయింట వరదనీరు చొచ్చి గోడలు నానుటచే రెండు కుందేళ్లతో కొన్నినెలలపాటు మేనత్త యింట నుండుటకు వచ్చుచుండెను. ఆ కుందేళ్లు గూటిలో నుండునవి కావు. పిల్లులవలె నిల్లంతయు స్వేచ్ఛగా తిరుగునవి. కుందేలు కన్నెత్తున నుండి చూచిననే గాని యింటిలోని యపాయములు కానరావని సలోమి ఫోనులో చెప్పెను. దయామణి యట్లే చూచుచుండెను.

చూడగా చూడగా తన యిల్లే తనకు క్రొత్తదయ్యెను. సోఫా వెనుక దీపపుతీగ లేతకాడవలె వ్రేలాడుచు కొఱుకుమని పిలుచుచుండెను. బీరువాక్రింది యంగుళపుసందు చీకటిగుహవలె నోరు తెఱచియుండెను. క్రిందియరలోని కీర్తనపుస్తకములు కుందేటిపండ్లకు పండుగవలె నమరియుండెను. ఆమె తోటగొట్టమును నిలువున చీల్చి తీగలన్నిటికిని తొడిగెను. సందులకు వెదురుతడికెలు కట్టించెను. కాళ్లు జాఱుచోట్ల తుంగచాపలు పఱపించెను. బట్టలనడుమనుండి కలరాయుండలను, కిటికీనుండి విషపుటాకుల కుండీలను తొలగించెను. స్నానపుగది తూమునకు జాలి బిగింపించెను. పనిమనిషి నూకరత్నము నడుముపై చేతులుంచుకొని యీ యారాటమును చూచి నవ్వెను.

"ఏంటమ్మగారూ, కుందేళ్లకా ఈ సంబరం! మా పిల్లని చూడ్డానికి మగపెళ్లోరొచ్చినప్పుడు కూడా మేం ఇంత సదరలేదండీ."

"కబుర్లు తరవాత చెబుదువుగాని, ముందా బీరువా ఇటు జరుపు."

"జరుపుతానండీ. ఆటికి కట్నం కూడా ఇస్తారా ఏంటి?"

దయామణి నవ్వలేదు. ఆమె చేతులు ఇంటిని చక్కబెట్టుచుండెను గాని హృదయము పూర్వము ఇదే హాలులో నొక మూలనున్న వేఱొక కుందేటిని తలపోయుచుండెను.

అప్పుడు సలోమి చదువునిమిత్తము మేనత్తయింట నుండెడిది. మల్లె యను తెల్లని కుందేటిని ప్రాణముగా పెంచుకొనెడిది. దాని మేతకు చీమలు చేరుచున్నవని దయామణి శుక్రవారము గడప కడిగించిన పిదప చీమలమందుసుద్దతో కుందేటి నెలవుచుట్టును మంగళప్రదమైన ముగ్గువలె దట్టమైన గీత దిద్దెను. రక్షణకై గీసిన గీత యది. కుందేలు దానిపై నడచి, తనజాతి యలవాటుచొప్పున పాదములు నాకి శుభ్రపఱచుకొని, తెల్లవాఱునప్పటికి చచ్చియుండెను. తడియాకు తిన్న కుందేలు బ్రతుకదని యూరంతయు నమ్ముచుండెను. ముందునాటి సాయంకాలము సలోమి కొత్తిమీర కడిగి పెట్టియుండెను. అందఱి చూపులును పిల్లపై పడెను.

పూడ్చుటకుముందు కళేబరమును గుడ్డతో తుడుచుచు దయామణి గోళ్లసందున సుద్దపొడిని చూచెను. చూచి తుడిచివేసెను. ఆరోగ్యశాస్త్రమును బోధించు ప్రధానోపాధ్యాయిని యింట నిట్టి తప్పు జరిగినదని లోకమునకు తెలియుట యామెకు మరణతుల్యముగా తోచెను. ఆ సాయంకాలమే యింట ప్రార్థనకూటము జరిగెను. సంఘకాపరియైన అయ్యగారును సంఘపు స్త్రీలును సలోమి తండ్రియైన జ్ఞానరత్నమును కూర్చుండియుండ దయామణి గంభీరస్వరమున, "ప్రభువా, అజాగ్రత్తచే తడియాకు పెట్టి మూగజీవి ప్రాణము తీసిన ఈ బిడ్డకు శ్రద్ధగల హృదయమును దయచేయుము" అని ప్రార్థించెను. సుద్దపొడిని తుడిచిన చేతులనే జోడించి ప్రార్థించెను. ఆ వారమే జ్ఞానరత్నము కూతురిని హాస్టలునకు చేర్చెను.

ఇల్లు చక్కబడిన మఱునాడు సలోమి సామానుతో దిగి, కుందేళ్ల బుట్టమూత తెఱచెను. జున్నను తెల్లనిదియు బెల్లమను గోధుమవన్నెదియు మూతులు కదల్చుచు వెలువడి చాపలపై పరువులెత్తెను. సలోమియు వానివెంట మోకాళ్లపై ప్రాకి తడికెలు కదల్చి చూచి, గొట్టములు నొక్కి చూచి సంతోషించెను.

"నేను చేసుకున్నదానికంటే బాగా చేశారత్తయ్యా! మా కాలేజీ లాబుకి కూడా ఇన్ని జాగ్రత్తల్లేవు. ఒక్కటే మాట. చీమలసుద్ద మాత్రం ఇంట్లోకి రానివ్వకండేం? కాళ్లకంటితే నాకేస్తాయి. ఇక బతకవు."

దయామణి చూపు మల్లె యుండిన మూలవైపు మరలెను.

సలోమి యది గమనింపక వంటగదిలోనికి పోయి కొత్తిమీర కడిగి, పీటపై కూర్చుండి, తువ్వాలుతో నొక్కొక యాకునే యద్ది తుడుచుచుండెను. దయామణి ద్వారమున నిలిచి చూచుచు నడిగెను.

"అంతలా తుడవాలా అమ్మా?"

"అక్కర్లేదత్తయ్యా. తడి ఫర్వాలేదని డాక్టరుగారు ఎప్పుడో చెప్పారు. పిల్లలకి క్లాసులో నేనే చెప్తాను." సలోమి తల యెత్తకయే నవ్వెను. "చెయ్యి వినదు, అంతే. మల్లె పోయినప్పట్నుంచీ ఇంతే."

తాను మోపిన నేరమును ఆ పిల్ల యిన్నియేండ్లు నిజమని మోయుచున్నదని దయామణి కప్పుడు తెలిసెను. ఆమె గడప పట్టుకొని, "మల్లెని చంపింది నువ్వు కాదు. నేను. సుద్దగీత నాది. గోళ్లల్లో పొడి చూశాను. ఆ సాయంత్రం ప్రార్థనకి ముందే చూశాను" అనెను.

సలోమి తువ్వాలును ప్రక్కన పెట్టెను.

"ముందే తెలుసా?"

"తెలుసు."

"అందరూ ఆమేన్ అన్నారత్తయ్యా," అని సలోమి నెమ్మదిగా పలికెను. "నాన్న కూడా అన్నారు. మీరది హాల్లో అందరి ముందూ అన్నారు. ఇది వంటింట్లో, నాకొక్కదానికి చెప్తున్నారు."

ఆ తీర్పు సరియైనదని దయామణికి తెలియును. పిల్లల తగవులకు న్యాయము చెప్పుచునే బ్రతికినదామె. వెలుగులో మోపిన నిందను చీకటిలో దించరాదని యెందఱో పిల్లలకు తానే చెప్పియుండెను.

మఱుసటివారము ప్రార్థనకూటము దయామణి యింటనే యేర్పడెను. నాటివారిలో బ్రతికియున్న వారందఱిని ఆమె స్వయముగా పోయి పిలిచెను. తమ్ముడు జ్ఞానరత్నము కాకినాడనుండి వచ్చెను. తీగలకు తొడిగిన గొట్టములను, తడికెలను చూచి సంఘపెద్ద యెలీసమ్మ, "ఇదేంటి దయామణీ, ఇల్లా, కోళ్లఫారమా?" అని పరిహసించెను. కీర్తన ముగిసెను. వాక్యము ముగిసెను. సాక్ష్యములు చెప్పు సమయము రాగా దయామణి లేచి నిలిచెను. ఎవ్వరును కన్నులు మూయకముందే చేయి యెత్తి వారించెను.

"కళ్లు తెరిచే ఉండండి. ఇది ప్రార్థన కాదు. ఈ గదిలోనే ఒకనాడు సలోమి తడాకు పెట్టి కుందేల్ని చంపిందని దేవుడితో చెప్పాను. అది అబద్ధం. నేను గీసిన చీమలసుద్దే దాన్ని చంపింది. ఆ సంగతి నాకు ప్రార్థనకి ముందే తెలుసు. నా పరువుకోసం పసిపిల్ల మీదికి తోశాను."

ముసలి యయ్యగారు కరుణతో, "తెలియక జరిగిందమ్మా. దేవుడు క్షమిస్తాడు, కూర్చోండి" అనెను.

"లేదండీ అయ్యగారూ. గీత గీసింది తెలియకే. నోరు మూసుకున్నది తెలిసే. దేవుడి సంగతి నేనూ ఆయనా చూసుకుంటాం. ముందు ఆ పిల్ల సంగతి తేలాలి."

పరిహాసచతురయైన యెలీసమ్మ పైట నోటికడ్డముంచుకొనెను. జ్ఞానరత్నము కుర్చీనుండి లేచి చాపపై కూతురి యెదుట కూర్చుండెను.

"ఆరోజు నిన్ను నేనొక్క మాటైనా అడగలేదు కదా అమ్మలూ."

"లేదు నాన్నా."

"ఇప్పుడు అడగొచ్చా?"

సలోమి మేనత్తవైపు చూచెను. ఆ చూపులో కోపమును లేదు, కరుణయు లేదు. పిదప తండ్రివైపు మరలి, "అడగండి" అనెను.

"ఏం జరిగిందో చెప్పమ్మా."

సలోమి చెప్ప మొదలిడెను. మల్లెకు కొత్తిమీరకాడలకన్న ఆకులే యిష్టమని, ఇసుక యంటియుండుటచే కడిగితినని, తెల్లవాఱి చల్లబడిన దేహమును ఒడిలో పెట్టుకొని దొడ్డిలో కూర్చుంటినని, హాస్టలులో దీపములార్పిన పిదప తన చేతులను వాసన చూచుకొనెడిదానినని చెప్పెను. నాడు పలుకుటకు వీలులేక గొంతుననే మిగిలిన మాటలన్నియు నొకటివెంట నొకటిగా వెలికివచ్చెను. నాడు విననివారు నేడు వినిరి. నడుమ నొకరును దగ్గలేదు. ఒకరును ఓదార్పుమాట పలుకలేదు. ఆమెకు కావలసినది ఓదార్పు గాదని వారికిని తెలిసెను.

క్షమింపబడుట వేఱు. ఋణము తీర్చుట వేఱు. మొదటిది సలోమి యిచ్ఛకు లోబడినది. ఆమె యా సాయంకాలము దానిని గూర్చి యేమియు పలుకలేదు, దయామణియు కోరలేదు. రెండవది మాత్రము జరిగెను. నింద మోపిన చోటనే, నింద విన్న చెవులముందే, నిందపడినదాని మాట తుదివఱకు వినబడెను. అది యంతయు ముగిసి సలోమి తనంతట తాను లేచి మంచినీళ్లు త్రాగుటకు పోవువఱకు దయామణి కూర్చుండలేదు. కాళ్లు లాగుచున్నను కుర్చీ చేరువనేయున్నను, బోనులో నిలిచిన ముద్దాయివలె, తల యెత్తి, చేతులు దించి, నిలిచియే యుండెను.