జహీరా రాయి

నాకు ఆగుడు రాదు. ఎవ్వలన్న మెల్లగ నడుస్తే నా కాళ్లు గుంజుతయ్, మెల్లగ తింటే వాళ్ల కంచం గూడ నేనే కడిగి పెడ్దామనిపిస్తది. లింగాల ఘనపూర్ బడి స్టాఫ్ రూముల పదకొండేండ్ల సంది నా పక్క కుర్చీల కూసున్న జహీరా బేగం దానికి నవ్వేది. "సులోచనా, నువ్వు మీ అమ్మ కడుపుల గూడ తొమ్మిది నెలలు ఆగి ఉండవు" అనేది.

ఆమెకు మోకాళ్ల నొప్పులు. అయినా గుట్ట ఎక్కుదామన్నది ఆమెనే. పుట్టింది మహదేవపూర్ దిక్కు. చిన్నప్పుడు వాళ్ల అబ్బా గుట్ట మీది పాత బంగ్లాకు కట్టెలు మోసేటోడట. ఆ బంగ్లా అరుగు మీద కూసుంటే తెల్లారంగ గోదారి కనవడ్తదని నాకు వందసార్లు చెప్పి ఉంటది. నెలాఖరుకు రిటైరైతున్న, ఈ లోపట ఒక్కసారి చూడాలె అన్నది. మా సైన్సు సారు దినేశ్ ఎవ్వలెవ్వలితోనో మాట్లాడి ఒక రాత్రికి బంగ్లా ఇప్పిచ్చిండు. ఏప్రిల్ మొదటి శనివారం, ఒంటిపూట బడి కాంగనే బయలెల్లినం. గుట్ట కిందికి పోయేసరికి నాలుగు దాటింది. ఎండ సుర్రుమంటున్నది. గొడుగు లేదు, చెద్దరు లేదు. ఏప్రిల్ల ఎవ్వలు పట్టుకపోతరు?

బంగ్లా వాచ్‌మన్ వీరస్వామి కింద వాగు కాడ ఉన్నడు. బియ్యం మూట నెత్తిన పెట్టుకుంటనే చెప్పిండు.

"తలా ఒక రాయి ఏరుకోండ్రి మేడం. పైన కనుమ కాడ బండ ఉంటది, దాటేటప్పుడు దాని మీద పెట్టాలె, రేపు దిగేటప్పుడు తియ్యాలె. గుట్ట మీద ఎందరు కొత్తోళ్లున్నరో గుట్టమ్మకు ఎర్క ఉండాలె."

నేను రెండు ఏరిన. జహీరా వంగలేదు. పైగా ముస్లిముల మనిషి, గుట్టమ్మకు రాయి పెడ్తదో పెట్టదో, అడిగి ఇబ్బంది పెట్టుడెందుకు? గుడిల ఇంటోళ్లందరి పేరు మీద ఒక్కలే కొబ్బరికాయ కొడ్తలేరా, గిది గూడ గంతే అనుకున్న.

వంట చెయ్యాలెనని వీరస్వామి ముందుగాల పోయిండు, దినేశ్ ఆయన ఎంబడి పోయిండు. మేమిద్దరం ఎనుక. జహీరా పది అడుగులకొకసారి నిలవడుతది, ఇప్పచెట్టు చూస్తది, ఊపిరి తీసుకుంటది. పొద్దు గూట్లె పడ్డది. పడమటి దిక్కు మబ్బు నల్లగ లేసింది.

"నీ నడకతోని తెల్లారుతది" అన్న. గట్టిగనే అన్న.

ఆమె నవ్వలే. "నువ్వు నడువు సులోచనా, నేనొస్త" అన్నది.

ఆమెతోని నేను మాట్లాడిన ఆఖరు మాట గదే. ఇప్పుడు తలుసుకుంటే నా నాలుక కోసుకోవాలె అనిపిస్తది.

కనుమ అంటే రెండు గుట్టల నడుమ సందు. ఆడ బండ మీద దినేశ్ పెట్టిన రాయి ఒక్కటుంది. ఎనుకకు తిరిగి చూసిన. జహీరా యాభై అడుగుల కింద, కొంగు నడుముకు చెక్కుకుంట ఒస్తున్నది. నా రాయి పెట్టిన, ఆమె రాయి పెట్టిన. అప్పుడే గాలి దుమారం లేసింది. దాని ఎనుకనే వడగండ్లు పడ్డయ్, నిమ్మకాయలంత. నెత్తి మీద బ్యాగు పెట్టుకొని ఉరికిన. ఆమె నా ఎనుకనే ఉందనుకున్న.

బంగ్లా కాడికి చేరి అరగంట చూసినం. రాలే. ఫోన్లు కలువయి. వీరస్వామి కందిలి పట్టుకొని వానల పోయిండు, ఎనిమిదింటికి తడిసి ముద్దయి ఒచ్చిండు.

"బండ మీద మూడు రాళ్లున్నయ్ సార్. వాన మోతకు కేకేసినా ఏం ఇనవడ్తలేదు గని, మేడం కనుమ దాటింది. కింద చూసేది లేదు. కనుమ ఇటు దిక్కు తోవ మూడు పాయలైతది, ఏదో ఒక పాయల పడ్డది."

చెప్పాలె. నోరు తెరిసిన గూడ. కని యాభై అడుగులే గదా, నేనొచ్చినంక ఆమె దాటే ఉంటది అనుకున్న. చెప్తే ఆ వీరస్వామి నన్ను ఏమంటడో, దినేశ్ ముంగట నా ఇజ్జత్ ఏంగావాలె అని గూడ అనుకున్న. అబద్ధమెందుకు, గదే ముందు అనుకున్న.

వాళ్లిద్దరు మూడు పాయలు తిరిగిండ్రు. వాన ఒక్క గడియ ఆగలే. చలికి నా పండ్లు టకటక కొట్టుకుంటున్నయ్, నేను పొయ్యి పక్కన ఉన్న. ఆమె ఎక్కడున్నదో. పన్నెండింటికి ఒచ్చి నీళ్లు తాగి మల్ల పోయిండ్రు. అప్పుడు గూడ చెప్పలే. ఒకసారి దాపెట్టినంక రెండోసారి చెప్పుడు ఇంక కష్టం.

నాలుగింటికి వీరస్వామి అరుగు మీద కూలవడ్డడు. కాలు కోసుకపోయి నెత్తురు కారుతున్నది. ఆ నెత్తురు చూసి చెప్పిన.

"వీరస్వామీ, మూడో రాయి నేను పెట్టిన."

ఆయన నన్ను తిట్టలే. ఒక్క తీరుగ చూసి లేసి ఉరికిండు, మేమిద్దరం ఎంబడి ఉరికినం.

కనుమ కింద ముప్పై అడుగులకు ఒక గుండు చాటున కూసొని ఉంది. కుడికాలు మడిమ కాడ వంకర పోయింది. పాక్కుంట ఇరవై అడుగులు పైకి ఒచ్చింది, బురదల ఆ చార కనవడ్తున్నది. వీరస్వామి ఆమె చంక కింద చెయ్యి పెట్టి చూసిండు.

"పానం లేదు, ఇంక వెచ్చగనే ఉంది మేడం" అన్నడు, నా మొకం చూడకుంట.

కొంగు కొసకు గట్టిగ ముడేసి ఉంది. దినేశ్ ఇప్పిండు. అండ్ల నున్నగ, తెల్లగ వాగు రాయి. వంగలేని మనిషి ఎప్పుడు వంగి ఏరుకున్నదో నేను చూడనేలే. వీరస్వామి దాన్ని తీసి నా చేతుల పెట్టిండు. పోలీసులు అడిగితే "వాన సార్" అని తప్ప ఇంకో మాట చెప్పలే, దినేశ్ గూడ చెప్పలే.

పదో దినం జనగామల జహీరా వాళ్ల ఇంటికి పోయిన. కొడుకు ముజమ్మిల్ కుర్చీ ఏసిండు. అడిగిండు.

"రాత్రంతా దేవులాడిండ్రట గదా ఆంటీ. కనుమ కింద ఎందుకు చూడలే?"

"కనుమ దాటేటోళ్లు తలా ఒక రాయి పెట్టాలె. బండ మీద మూడు రాళ్లున్నయ్ బిడ్డా" అన్న. గంత మటుకు నిజమే.

పిలగాడు ఆలోచన చేసిండు. "అంటే అమ్మీ రాయి పెట్టి మల్ల కిందికి దిగిందా? ఏమన్న మర్చిపోయి?"

"దిగినట్టున్నది" అన్న.

"మా అమ్మీ గట్లనే ఆంటీ. ప్రతిదీ మర్చిపోతది" అని కండ్లు తుడుసుకున్నడు. "మీ అందరినీ పరేషాన్ చేసింది. మాఫ్ చెయ్యండి."

ఆయన భార్య సుమయ్యా చాయ్ తెచ్చి ఇచ్చింది. ఆ రాయి నా బ్యాగులనే ఉంది. నాకు ఆగుడు రాదు గదా, వేడి చాయ్ అట్లనే తాగి లేసొచ్చిన.