నాలుగో బల్ల తప్పులు

మేనేజరు గారు తప్పుల పుస్తకాన్ని నా బల్ల మీద పడేసి, "చీమక్కని తీసేయండి," అన్నారు.

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి పంపే లాండ్రీ మాది. మనుషుల్ని చేర్చుకోవడం, మాన్పించడం, సెలవులు, గొడవలు నా పని. ఇస్త్రీ గదిలో ఆరు బల్లలు, ఆరుగురు ఆడవాళ్ళు. నాలుగో బల్ల చీమక్కది. చిన్న మనిషి, ఒక్క క్షణం కూర్చోగా ఎవరూ చూడలేదు. అందుకే ఆ పేరు.

"ఏం చేసింది సార్?"

"మీ పుస్తకమే చెబుతోందిగా. ఆరు నెలల్లో ముప్పై ఒక్క తప్పులు. మిగతా ఐదుగురివీ కలిపితే పన్నెండు. ఊహలు వద్దు, రుజువు చూద్దామని రెండేళ్ళుగా నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు కదా. ఇదిగో రుజువు."

 పోరిన మాట నిజమే. ఆయన మనిషి నడక చూసి ఉద్యోగం ఇస్తారు, మొహం నచ్చకపోతే తీసేస్తారు. అలా కాదు, జరిగింది రాసి పెట్టుకుని దాన్ని బట్టి నడుద్దామని ఆ పుస్తకం పెట్టించింది నేనే. దుప్పటి మాడినా, చిరిగినా ఎవరిది వాళ్ళే రాయాలి. పెన్ను ఎవరూ పట్టుకుపోకుండా దారంతో కట్టి మరీ, పుస్తకం పక్కనే గోడకు వేలాడదీశాను.

ఆయన వెళ్ళాక పేజీలు తిప్పాను. చీమక్క అక్షరాలు గుండ్రంగా, బడిపిల్ల రాసినట్టు ఉన్నాయి. 'అంచు మాడింది. పెట్టె వేడి ఆగడం లేదు.' రెండు రోజుల తర్వాత మళ్ళీ అదే. ముప్పై ఒకటిలో పద్దెనిమిది చోట్ల ఇస్త్రీపెట్టె సంగతే ఉంది. నెలనెలా ఎవరివెన్నో కూడి, సంతకం పెట్టి పైకి పంపింది నేను. లోపల ఏం రాసుందో ఒక్కసారీ చదవలేదు.

చదివాక వచ్చిన కోపం ఎవరి మీద చూపించాలో తెలియక డ్రైవర్ల గదికి వెళ్ళాను. ఆసుపత్రికి వెళ్ళే ప్రతి మూటలో ఇస్త్రీ చేసిన బల్ల నంబరు చీటీ ఉంటుంది. దుప్పటి బాగోకపోతే ఆ చీటీతో సహా వెనక్కి పంపుతారు. డ్రైవర్లు చీటీని ఒక కమ్మీకి గుచ్చి మర్చిపోతారు. కమ్మీతో సహా ఇంటికి తెచ్చేశాను.

ఆదివారం పొద్దున భోజనాల బల్ల మీద చీటీలు గుమ్మరిస్తే, "చెత్త బయటికి పోవాలి గానీ ఇంట్లోకి రావడమేంటి?" అన్నారు మా ఆయన. అత్తయ్య మాత్రం కళ్ళజోడు పెట్టుకుని కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. నేను నంబరు చదువుతుంటే ఆవిడ వేరు చేశారు.

"నాలుగు రావడమే లేదేంటమ్మాయ్?"

ఆ ఆరు నెలలవీ మొత్తం నూట ఇరవై ఎనిమిది చీటీల్లో నాలుగో బల్లవి అయిదు. రెండో బల్లవి నలభై ఒకటి. చీమక్క పని తక్కువ చేసిందేమోనని మూటల సంఖ్య కూడా చూశాను. అందరితో సమానంగానే చేసింది.

"అంటే ఆవిడ మాడినవి పక్కన పెట్టి రాస్తోంది. మిగతావాళ్ళు మడతపెట్టి పంపేస్తున్నారు," అన్నారు అత్తయ్య. "రాసేవాళ్ళని తీసేస్తే మీకు రాయనివాళ్ళే మిగులుతారు. మీ మేనేజరుకి ఈ మాత్రం తట్టలేదా?"

"నాకే తట్టలేదు అత్తయ్యా."

"రెండో బల్ల ఎవరిది?" అన్నారు మా ఆయన.

"సార్ నడక చూసి చేర్చుకున్నావిడది."

"నడక బాగానే ఉందిగా. దుప్పట్లు కూడా వెనక్కి నడిచొస్తున్నాయి."

నవ్వు రాలేదు నాకు.

సోమవారం పుస్తకంలో ఆ పద్దెనిమిది చోట్లా గీతలు గీసి, చీటీలతో సహా మేనేజరు గారి ముందు పెట్టాను. ఆయన రెండో బల్ల కట్ట చూసి, దాన్ని పక్కకు జరిపారు.

"మొన్నటిదాకా పుస్తకం రుజువన్నారు. ఇవాళ చీటీలంటున్నారు. రేపు ఇస్త్రీపెట్టెల్ని సాక్ష్యానికి పిలుస్తారా?"

"పిలవాల్సింది వాటినే సార్. నాలుగో బల్ల పెట్టె బాగు చేయిస్తే..."

"సరేనమ్మా, మీ మాట కాదనడమెందుకు. ఉండనివ్వండి. హెచ్చరిక ఉత్తరం ఒకటి ఇచ్చేయండి. ఇంకొక్క తప్పు రాస్తే ఇంటికే."

గంటసేపు వాదించాను. గోడకు చెప్పుకున్నట్టే అయింది. ఉత్తరం టైప్ చేసింది నేను, సంతకం నాది. చీమక్క దాన్ని వేలు పెట్టి చదివి, నాలుగు మడతలు పెట్టి దాచుకుంది. 

నెల తిరిగేసరికి తప్పుల పుస్తకంలో ఆరు బల్లలకీ కలిపి ఒక్క అక్షరం లేదు. మేనేజరు గారు ఖాళీ పేజీ అందరికీ చూపించారు. "సున్నా! మీ పద్ధతే మేడమ్, నేను కాస్త గట్టిగా పట్టుకున్నానంతే."

డ్రైవర్ల గదిలో తిరిగి పెట్టిన కమ్మీ దగ్గరికి వెళ్ళాను. ఆ ఒక్క నెలలోనే నాలుగో బల్ల చీటీలు తొమ్మిది.

ఇస్త్రీ గదిలోకి వెళ్ళేసరికి చీమక్క ఒక దుప్పటిని గబగబా మడుస్తోంది. నేను విప్పాను. లోపలి మడతలో బొటనవేలంత మాడిన మచ్చ.

"వేడి ఇంకా ఆగడం లేదా చీమక్కా?"

"ఎక్కడాగుతుంది మేడమ్. చెబితే పెట్టె బాగవలేదు గానీ, ఉత్తరమైతే వచ్చింది."

"మరి రాయవా?"

"ఇంట్లో ముగ్గురం తినాలి. రాయను."

రాయమనే మొహం నాకు లేదు. గోడ దగ్గరికి వెళ్ళి పుస్తకం అందుకున్నాను. దారం పొట్టిది, నిలబడే రాయాలి. తేదీ వేసి, 'దుప్పటి మాడింది' అని రాసి, పేరు దగ్గర నా పేరు పెట్టాను.

చీమక్క పెట్టె పక్కన నిలబెట్టి చూసింది. "మీకూ ఉత్తరం వస్తుంది మేడమ్."

"వస్తే నేనే టైప్ చేసుకోవాలి."

ఆమె కూడా నవ్వలేదు. ఇంకో దుప్పటి బల్ల మీద పరిచి, నీళ్ళు చల్లి, తల ఎత్తకుండానే అంది: "పెట్టె వేడి మీట రెండు దాటితేనే మాడుస్తోంది. ఒకటి మీద మాడదు గానీ ముడతలు పోవు. అది కూడా రాయండి."