ఉతికిన చొక్కా

ఉతకొద్దని తమ్ముడు ఫోనులో చెప్పాడు. అయినా ఉతికాను.

అంతకు రెండు వారాల ముందు మా ఆయన ఉదయశంకర్ రెండు చొక్కాలు తెప్పించారు. టెక్కలిలో గుమాస్తా ఉద్యోగం, నలభై ఆరేళ్ల వయసు, కొత్తగా కొండలెక్కే పిచ్చి. మా తమ్ముడు మనోహర్‌తో, మరో ఇద్దరితో మహేంద్రగిరి మీద మూడు రోజులు నడవాలని ఏర్పాటు. సంచీ బరువు తగ్గాలంటే మూడు రోజులకీ ఒకటే చొక్కా. ఎంత చెమట పట్టినా కంపు కొట్టనిది కావాలి.

ఒకటి సన్నటి ఉన్నిది. రెండోది పాలిస్టరు. వాసన పట్టదని దాని పెట్టె మీదే రాసుంది. పెట్టె మీది రాతలు ఆయన నమ్మరు. ఒక్కొక్కటీ మూడేసి రోజులు మార్చకుండా తొడుక్కుని, రోజూ తెల్లారి భావనపాడు రోడ్డులో ఎనిమిది కిలోమీటర్లు నడిచారు. వాసన చూసే పని నాది.

"ఈ ఉక్కలో ఉన్నేటి బావా? గొర్రెలు కూడా నవ్వుతాయి," అన్నాడు మనోహర్.

ఉన్ని చొక్కా మూడో రోజుకీ ఏ వాసనా లేదు. పాలిస్టరుది రెండో సాయంత్రానికే గుమ్మం దగ్గర తెలిసిపోయింది.

"రేవులో ఎండుసేపల పక్కన నిలబడకు బావా. కలిపి తూకానికి ఏసేత్తారు."

"మీ అక్క రెండ్రోజులు ఓర్సుకుంది. నువ్వో గంట ఓర్సుకో," అన్నారాయన.

అక్టోబరులో ఉన్నిది తొడుక్కుని బయల్దేరారు. పాలిస్టరుది ఉతక్కుండా మేకుకే ఉండిపోయింది.

మూడో రోజు రాత్రికి ఇల్లు చేరాల్సినవాళ్లు చేరలేదు. తెల్లారి ఆరింటికి మనోహర్ ఫోను. దిగుతుంటే మంచు కమ్మింది, బావ వెనకబడ్డాడు, రాత్రంతా పిలిచినా పలకలేదు.

"అక్కా, బావ తొడిగి విడిసిన సొక్కా ఒకటి కవర్లో ఎట్టి పంపు. ఉతకొద్దు, అలాగే పంపీ. పోలీసోళ్లు అడుగుతన్నారు."

ఎందుకో అడిగేలోగా లైను తెగింది.

గుర్తు పట్టడానికి కాబోలు అనుకున్నాను. ఉతకొద్దన్నది నాకు శ్రమ తప్పించడానికనుకున్నాను. మా ఇళ్లలో కాఫీ వద్దన్నవాడి ముందే గ్లాసు పెడతాం. భోంచేసి వచ్చానన్నవాడికి విస్తరి వేస్తాం. పైగా పోలీసులు, పరాయివాళ్లు. ఆ కంపు చొక్కా చేతులు మారితే ఆయన్ని ఏమనుకుంటారు?

రెండుసార్లు సబ్బు పెట్టాను. ఫ్యాను కింద ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, పక్కింటి కృష్ణారావు గారికిచ్చాను. ఆయన బండి మీద మందస దాటి కొండ కిందకి చేరేసరికి పది.

అక్కడ పోలీసు కుక్క సిద్ధంగా ఉంది. దాన్ని తెచ్చినాయన కవరు విప్పి, మడత చూసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడట.

"దీన్నెవరు ఉతికారు?"

మనోహర్ మళ్లీ ఫోను చేశాడు. తిట్టలేదు. "బావ దిండు గలీబు అట్టుకురా అక్కా. కుక్క వాసన సూడాలి. నీ సెయ్యి ఎక్కువ తగలనీకు."

కారు మాట్లాడుకుని నేనే బయల్దేరాను. పలాస దాటుతుంటే అద్దం మీద మొదటి చినుకు పడింది. పన్నెండింటికి కొండ కిందకి చేరగానే అక్కడా కుండపోత మొదలైంది.

కుక్క గలీబు వాసన చూసి, కాలిబాట వదిలి ఎడమకి లాగింది. నలభై గజాలు వెళ్లి, వాన నీళ్లు పారుతున్న చోట ఆగిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం పశువులు కాసేవాళ్లు లోయలో ఆయన్ని చూశారు. ప్రాణం ఉంది. కుడికాలు బండ కింద నలిగిపోయింది. మోకాలి కిందకి తీసేశారు. "నిన్ననే తెచ్చుంటే," అని డాక్టరు నా మొహం చూసి ఆగిపోయాడు.

ఐదు నెలలైంది. వాన వల్లే కుక్క పసిగట్టలేదని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. మనోహర్ నోరు విప్పలేదు. నిన్న ఆయన మంచం అంచున కూర్చుని కొత్త కాలు బెల్టు బిగించుకుంటుంటే, అంతా చెప్పేశాను.

ఆయన చేతులు ఆగాయి.

"చొక్కా ఎన్నింటికి చేరింది?"

"పదింటికి."

"వానెప్పుడు పడింది?"

"పన్నెండింటికి."



"కొండ కింద నించి నేనున్న చోటికి గంట నడక, సుధా."

బెల్టు బిగించుకుని, కర్ర అందుకుని, వీధి వాకిట్లోకి ఒక్కరే నడిచారు.