పరీక్షకు రాని ఏడుగురు

పిల్లలకు సాయంత్రం తరగతిలో చదవడం నేర్పే కొత్త పథకం ఎంతవరకు పనిచేసిందో చూడడానికి పెనుకొండ నుంచి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. గుడిబండ దగ్గరి పల్లెబడిలో నంజుండప్ప అయ్యవారు ముందురోజే, కూడబలుక్కుని చదవడం కూడా రాని ఏడుగురిని పిలిచి, "రేపు మీకు బడి లేదు" అన్నాడు.

మిగిలినవాళ్లు గడగడా చదివేశారు. ఇన్‌స్పెక్టరు మెచ్చుకుని, ఈ ఊరికి ఇక సాయంత్రం తరగతి అక్కర్లేదని రాసుకుని పోయాడు.

మర్నాడు మస్తాన్‌బీ పలకతో వచ్చింది. ఆ ఏడుగురిలో ఆమె ఒకతి.

"అయ్యవారూ, సాయంత్రం చదువు నిలిపేసినారంట, యాల?"

"అందరికీ చదువు వచ్చేసిందంటమ్మా."

"నాకు రాలేదు గదా! నన్నెవరూ అడగలేదే!"

 ఆదివారం నంజుండప్ప బస్సెక్కి పెనుకొండలో ఇన్‌స్పెక్టరు ఇంటికి పోయి, జరిగింది చెప్పేశాడు.

"నీ సర్వీసు రిజిస్టరులో రాయాల్సి వస్తాదప్పా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"రాయండి సార్. ఆ ఏడుగురినీ ఒకసారి చదివించి చూడండి."

ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చాడు. మస్తాన్‌బీ మొదటి వాక్యం దగ్గరే తడబడి ఏడ్చేసింది. సాయంత్రం తరగతి మళ్లీ పెట్టారు. కానీ ఆయన వెళ్లాక ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ అడిగింది:

"ఆ పొద్దు బడి లేదన్నారే, మరి వాళ్లంతా యాల వచ్చినారు?"

నంజుండప్ప ఆమె పక్కనే నేలమీద కూర్చున్నాడు.

"బడి ఉండింది తల్లీ. నేనే నీకు అబద్ధం చెప్పినా."