మేనత్త మంగళకేక

మార్చి రెండో శనివారం ఉదయం ఆరూ పదికి, కలమారేలో పెళ్లికూతురి ఇంటి ముంగిట మంగళకేక వేస్తూ కెబోన్యే గౌను తడుపుకుంది.

ఆ సమయానికి వరుడి తరఫున పిల్లనడగడానికి వచ్చిన ఆడవాళ్లు పద్నాలుగుమంది నేలమీద కాళ్లు చాపుకుని కూచున్నారు. అందరివీ నీలం అద్దకం గౌన్లు, భుజాల మీద గళ్ల దుప్పట్లు. మగవాళ్లు ఎదురుగా కుర్చీల్లో ఉన్నారు. పెళ్లికూతురి మేనమామ గొంతు సవరించుకుని, "పిల్లనిస్తున్నాం" అన్నాడు. ఆ మాట వినపడగానే మొదటి కేక వేయవలసింది వరుడి మేనత్త. వరుడు తూసో. అతని తండ్రికి తోడబుట్టిన చెల్లెలు ఒక్కతే, కెబోన్యే.

ఆమె మోకాళ్ల మీద లేచి, ఊపిరి బిగబట్టి, నాలుక ఆడిస్తూ కేక తీసింది. సగంలో కింద వెచ్చగా జారింది. కేక తెగింది. వెనక కూచున్న బొంట్లే దాన్ని అందుకుని పూర్తి చేసింది. బొంట్లే కెబోన్యేకి చిన్నాన్న కూతురు. వరసకు ఆమె కూడా తూసోకి మేనత్తే.

కెబోన్యే భుజాల మీది దుప్పటి తీసి నడుముకు చుట్టుకుంది. అందరూ వ్యాను ఎక్కేదాకా అక్కడినుంచి లేవలేదు.

దారిలో బొంట్లే ఊరుకోలేదు.

"ఏమక్కా, కేక మధ్యలో మింగేశావు? పెద్దవాళ్లు టీ ఇచ్చేదాకా ఆగాల్సింది!"

"ఏదో గొంతు పట్టేసింది."

"జూన్లో పెళ్లికి కూడా పట్టేస్తే ముందే చెప్పు. నేనున్నాగా. నలుగురిని కన్నాక ఊపిరి ఎక్కడ మిగుల్తుందిలే!"

వ్యానంతా నవ్వింది. కెబోన్యే కూడా నవ్వింది. నవ్వినందుకు ఇంకొంచెం తడిసింది.

నాలుగోవాడు పుట్టి అప్పటికి ఐదు నెలలు. పుట్టినప్పుడు నాలుగు కిలోల వంద గ్రాములు. మూడు నెలలు బాలింత గదిలో ఉంచి తల్లి ఒసెనోత్సె అన్నీ చూసింది. గది దాటి బయటికి వచ్చినప్పటినుంచి దగ్గితే మూత్రం పడేది, తుమ్మితే పడేది, నీళ్ల డబ్బా ఎత్తితే పడేది. కెబోన్యే ఎవరికీ చెప్పలేదు. పొద్దుటి టీ మానేసింది. పొట్టను గుడ్డతో బిగించి కట్టింది. కట్టిన రోజున ఇంకా ఎక్కువ పడింది.

ఆ సాయంత్రం షొషోంగ్‌లో తమ ఇంటి వెనక తీగ మీద దుప్పటి ఆరేస్తుంటే తల్లి వచ్చి నిలబడింది.

"నిన్ననే ఉతికిన దుప్పటి కదే అది?"

"టీ ఒలికిందమ్మా."

"నువ్వు టీ మానేసి నెలైంది."

కెబోన్యే దుప్పటి అంచు సరిచేసింది. తల్లి రెండో అంచు పట్టుకుంది.

"బుధవారం మహలాప్యే ఆసుపత్రికి పో. నేను పోలేదు. పోవాల్సింది."

"నువ్వెందుకు పోవాలి?"

"నేను కేక ఎందుకు మానేశాననుకున్నావు?"

"గొంతు పోయిందన్నావుగా! ముప్ఫై ఏళ్లుగా అదే చెప్తున్నావు."

"నా గొంతుకేమైందే? నిన్ను అన్నానికి పిలిస్తే మూడు ఇళ్ల అవతలివాళ్లు లేచొస్తారు. పోయింది గొంతు కాదు." తల్లి దుప్పటి వదిలేసింది. "నీ తమ్ముడు పుట్టాక మొదలైంది. మా అన్న కూతురి పెళ్లిలో, చర్చి మెట్ల మీద. ఆ రోజునుంచి గొంతు పోయింది."

బుధవారం ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు పేరు సెనావే. ఆమె ముందు వివరాలు రాసుకుంది.

"ఎప్పుడెప్పుడు పడుతుందమ్మా?"

"దగ్గితే. తుమ్మితే. మంగళకేక వేస్తే."

"వెయ్యండి."

"ఇక్కడా?"

"ఇక్కడే. మీ ఊపిరి ఎటు పోతోందో చూడాలి."

కెబోన్యే కింద గుడ్డ వేసుకుని నిలబడి కేక వేసింది. నాలుగు సెకన్లు. ఆ ఊళ్లలో కేక వినపడితే బదులు ఇవ్వకుండా ఏ ఆడదీ కూచోదు. వరండాలో చీటీ పట్టుకుని ఉన్న పదకొండుమందీ అందుకున్నారు. ప్రసూతి వార్డునుంచి కూడా వచ్చింది. కాపలాదారు పరుగెత్తుకొచ్చి తలుపు కొట్టాడు.

"ఎవరికమ్మా? ఆడపిల్లా, మగపిల్లాడా?"

సెనావే తలుపు తీసింది. "ఎవరూ పుట్టలేదు. వెళ్లు."

"మరి కేకెందుకు వేశారు?"

"వైద్యం."

వరుసలో మొదట కూచున్న ముసలావిడ, "ఆ వైద్యమేదో నాకూ రాయమ్మాయ్, మోకాళ్లకి పని చేస్తుందేమో" అంది.

తలుపు మూశాక సెనావే చెప్పింది. "బిడ్డని వీపున గుడ్డతో కట్టుకుంటారు కదా. కింద కండరాలు కూడా అలాంటి గుడ్డే. మూత్రసంచిని, గర్భసంచిని అదే మోస్తుంది. నలుగురిని మోసింది, సాగింది. మీరేమో పైన ఊపిరి బిగబట్టి పొట్టతో తోస్తున్నారు. ఆ బరువంతా సాగిన గుడ్డ మీదే పడుతోంది. పొట్టకి కట్టు కూడా అంతే, తీసెయ్యండి. టీ తాగండి, నీళ్లు తాగండి."

"మరి కేక?"

"ముందు గుడ్డ ఎగగట్టండి, తర్వాత కేక వెయ్యండి. నలుగురిలో గాలి ఆపుకున్నట్టు, మూత్రం ఆపుకున్నట్టు, లోపలికీ పైకీ లాగాలి. పిర్రలు బిగించకూడదు, ఊపిరి ఆపకూడదు. ఐదు లెక్కపెట్టేదాకా పట్టి, వదిలి, మళ్లీ. పదిసార్లు. రోజుకి మూడు పూటలు. నెమ్మదిగా పది లెక్కకి రండి. దగ్గు, తుమ్ము వచ్చే ముందు ఒకసారి లాగండి. మూత్రం పోస్తూ మాత్రం అభ్యాసం చెయ్యకండి."

"పెళ్లి పదమూడు వారాల్లో ఉందమ్మా."

"మూడు నెలలు పడుతుంది. ఇవాళే మొదలుపెడితే సరిపోవచ్చు. మాట ఇవ్వను."

ఇంట్లో అభ్యాసం పొద్దున టీ దగ్గర సాగింది. తల్లి మూడు వారాలు చూసి ఊరుకుంది. నాలుగో వారం తన కుర్చీ పక్కకు లాక్కుంది.

"నాకూ చెప్పవే."

"అరవై ఎనిమిదేళ్లకా?"

"ఇప్పటికీ నేను తుమ్మట్లేదా?"

కెబోన్యే భర్త మోదిసే ఒక రోజు ఇద్దరినీ చూసి గుమ్మంలో ఆగాడు. "ఏంటి, తల్లీకూతుళ్లు గోడ చూస్తూ కూచున్నారు? పోట్లాడుకున్నారా?"

"మాట్లాడించకు. ఎనిమిదిలో ఉన్నాం."

విషయం చెప్పాక అతను నవ్వలేదు. ఆ తర్వాతినుంచి జోకు వేసే ముందు చెయ్యెత్తి, "నవ్వించబోతున్నా. కట్టుకున్నారా?" అని అడిగేవాడు. అత్తగారు తల ఊపేదాకా ఆగేవాడు. చాలాసార్లు ఆ జోకుకు నవ్వు రాలేదు, అడిగినందుకే వచ్చింది.

ఐదో వారానికి తేడా లేదు. కెబోన్యే రెండు రోజులు మానేసింది. మూడో రోజు పొద్దున తల్లి టీ రెండు కప్పుల్లో పోసి, తన కుర్చీలో కూచుని పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆరు దగ్గర కెబోన్యే వచ్చి కలిసింది. ఎనిమిదో వారంలో తుమ్మినా తడవలేదు. పదో వారంలో నీళ్ల డబ్బా ఎత్తి గుమ్మందాకా తెచ్చింది, తడవలేదు. కేక వేసి చూడలేదు.

పన్నెండో వారంలో బొంట్లే కేకలకు గొంతు సాధన చేస్తోందని తెలిసింది. కెబోన్యే ఆమె ఇంటికి వెళ్లి ఉన్న విషయమంతా చెప్పింది.

బొంట్లే చేతిలో పిండి ఉంది. చాలాసేపు దాన్నే పిసికింది. "అక్కా, ఆ రోజు వ్యానులో..."

"నువ్వు నా వెనక నిలబడు. తెగితే అందుకో. తెగకపోతే నోరు మూసుకో."

"నోరు మూసుకోవడమే కష్టం. సరే."

జూన్ రెండో శనివారం ఉదయం పదీ యాభైకి పెళ్లికూతురు వరుడి ఇంటి గేటు దాటి లోపలికి వచ్చింది. కెబోన్యే చీపురుతో ముందు నడిచి దారి ఊడ్చింది. సంచిలో ఇంకో గౌను మడిచి పెట్టుకుంది. సంచి బొంట్లే భుజానికి ఉంది. తూసో ఆమెను చూసి, "అత్తా, కానీ" అన్నాడు.

ఆమె ఊపిరి తీసుకుంది. కిందినుంచి పైకి లాగింది. తర్వాత నోరు తెరిచింది.

మోదిసే ఫోనులో ఉన్న వీడియో ప్రకారం మొదటి కేక పదకొండు సెకన్లు. రెండోది తొమ్మిది. గౌను పొడిగా ఉంది. మూడోసారి రెండు చుక్కలు పడ్డాయి, కేక తెగలేదు. బొంట్లే వెనకే నిలబడి ఉంది, నోరు తెరవలేదు.

అప్పుడు విందుకు ఉడికిన మాంసం దంచుతున్న కుండల వైపునుంచి ఇంకో కేక లేచింది. ఎవరిదో వెంటనే ఎవరూ పోల్చుకోలేదు. దంచేవాళ్లు చేతులు ఆపారు. ఒసెనోత్సె దుప్పటి జారిపోయి నిలబడి ఉంది, తల వెనక్కి వాల్చి. ఆ కేక పద్నాలుగు సెకన్లు.

అది అయ్యాక ఆమె కెబోన్యే దగ్గరికి వచ్చింది.

"ఆ సంచి ఏదే?"

"అమ్మా! ముందు లాగలేదా?"

"మర్చిపోయానే. సంతోషంలో గుర్తుంటుందా?"

బొంట్లే భుజంనుంచి సంచి తీసి ఇచ్చింది. పదకొండూ ఇరవైకి ఒసెనోత్సె గౌను మార్చుకుని బయటికి వచ్చింది. పదకొండూ నలభైకి మళ్లీ కేక వేసింది.