టిడ్మోర్ గారి బొటనవేలు

మామగారి గాలపు రీలు పక్కమూత విప్పి, దారం చుట్టిన కండె బయటికి తీసి, ఇరుసు మీది పాత నూనెను మెత్తటి గుడ్డతో తుడిచి, కొత్తగా ఒకే ఒక్క చుక్క వేసింది వెర్నా. మూత బిగించి, రీలును చెవి దగ్గర పెట్టుకుని కండెను వేలితో ఒక్క తోపు తోసింది. తేనెటీగలా ఝుమ్మంది. బాగుంది. ఇక మిగిలింది పక్కనున్న బ్రేకు బిళ్ళ. సున్నా నుంచి పది దాకా అంకెలున్న చిన్న బిళ్ళ. రెండేళ్లుగా రోజూ పొద్దున్నే దాన్ని తడిమి పది మీదే ఉందని చూసుకోవడం ఆమె చేతికి పళ్లు తోముకున్నంత అలవాటు. ఈరోజు మాత్రం వేళ్లు దాని మీదే ఆగిపోయాయి.

దుకాణం ముందు గదిలో ఎరకు అమ్మే చేపపిల్లల తొట్టి బుడబుడలాడుతోంది. కాఫీ మాడు వాసన. అలబామాలో ఆ సరస్సు ఒడ్డున బాస్ చేపకు గాలం వెయ్యని మగాడు లేడు, వాళ్లలో వెర్నా మరమ్మతు బల్ల మీదికి రీలు తేనివాడూ లేడు. ఎవరి వేలు ఎలాంటిదో ఆమెకు తెలుసు. గాలం విసిరాక ఎర గాల్లో నెమ్మదిస్తుంది, కండెకు ఆ సంగతి తెలియదు, అది తిరుగుతూనే ఉంటుంది, దారం ఉబ్బి మీద మీద పడి చిక్కుపడిపోతుంది. పిచ్చుకగూడు అంటారు అక్కడ. సరైన క్షణంలో కండెను బొటనవేలితో అదమడం తెలిసినవాడికి బ్రేకు అక్కర్లేదు. తెలియనివాడికి బిళ్ళ తిప్పి బ్రేకు పెంచాలి. ఎంత పెంచితే అంత క్షేమం, అంత దగ్గర్లోనే పడుతుంది ఎర.

"బ్రేకు చేతకానోళ్లకి" అనేవాడు మామగారు ఎల్బర్ట్ టిడ్మోర్. ఆయన బిళ్ళ ఎప్పుడూ రెండు దాటేది కాదు. దుకాణం వెనక నీళ్లలోకి చొచ్చుకుపోయే చెక్కవంతెన మీద నిలబడి, నీళ్లలో తేలే పాత టైరు మధ్యలోకి రోజూ ఒక్కసారి గాలం విసరడం, అది అయ్యాకే దుకాణం తెరవడం ఆయన ఆచారం. ఒకసారి అందరి ముందూ అనేశాడు, నా దారం గూడు కట్టిన రోజున దుకాణం అమ్మేసి హంట్స్‌విల్‌లో కూతురింటికి పోతానని. ఊరంతా ఆ మాట గుర్తుపెట్టుకుంది. పడవల రేవు యజమాని అయితే కొనడానికి కాచుకునే కూర్చున్నాడు.

ఆ తర్వాత పక్షవాతం వచ్చింది. నడక తిరిగొచ్చింది, మాట వచ్చింది, కుడి బొటనవేలు మాత్రం కొయ్యముక్కలా ఉండిపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే గాలం తెమ్మన్నాడు. వెర్నాకు చూడబుద్ధి కాలేదు. చెప్పకుండా బిళ్ళను పది దాకా తిప్పి చేతికిచ్చింది. దారం చివర కట్టిన సీసపు గుండు టైరుకు బాగా ఇవతల పడింది, దారం మాత్రం చిక్కుపడలేదు. చూస్తున్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఎదురింటి డెల్మర్ ఆ సాయంత్రమే పడవ వేసుకెళ్లి ఎవరితోనూ అనకుండా టైరును దగ్గరికి లాగి కట్టాడు.

అలా తన తలుపుకి తనే గొళ్ళెం పెట్టుకుంది వెర్నా.

పంతొమ్మిదేళ్లకు కోడలిగా వచ్చింది ఆ ఇంటికి. మొగుడు రాయిస్ ఓ వసంతంలో లారీ తీసుకుని ఓక్లహోమా వెళ్లి, ఇంకా వస్తూనే ఉన్నాడు.  మామగారు కొడుకు కూర్చునే కుర్చీ కాళ్లు కోసి, కోడలికి సరిపోయే ఎత్తు చేసి, మరమ్మతు బల్ల ముందు పెట్టాడు. అంతే. అందులో కూర్చుంది, జుట్టు నెరిసింది.

నిన్న సాయంత్రం అపలాచికోలా నుంచి అక్క లొరెట్టా ఫోన్ చేసింది. తన ఆల్చిప్పల హోటల్లో వంట పని, పైన గది, కిటికీ తీస్తే సముద్రం. ఎన్నాళ్లని ఆపను, ఈ ఆదివారానికి నువ్వు రాకపోతే వేరేవాళ్లని పెట్టుకుంటా, ఇంక అడగను అంది. దుకాణం ఉన్నన్నాళ్లూ ఆయన ఇక్కడే, ఆయన ఉన్నన్నాళ్లూ తనూ ఇక్కడే. వెళ్లిపోతానని చెప్పేద్దామని చాలాసార్లు నోరు తెరిచింది. ఆ కొయ్య వేలు చూసి మూసుకుంది.

బిళ్ళ పట్టుకుని వెనక్కి తిప్పింది. టిక్, టిక్ మంటూ రెండు దగ్గర ఆపింది. గుడ్డతో శుభ్రంగా తుడిచింది, తన వేలిముద్ర కూడా మిగలకూడదన్నట్టు.

మామగారు వంతెన మీద కుర్చీలో, ఒళ్లో ఉడకబెట్టిన పల్లీల పొట్లంతో ఉన్నాడు. పొద్దున్నే పల్లీలు ఒలుస్తూ ఉప్పునీళ్లు మోచేతుల దాకా కార్చుకోవడం ఆయనకు ఇష్టం. గాలం అందుకుంటూ ఆమె ముఖంలోకి చూశాడు.

"ఇంత ఆలస్యం చేశావేంటే అమ్మాయ్?"

"కాఫీ మాడింది మామయ్యా."

వంతెన గట్టున డెల్మర్ అప్పటికే తయారు. "ఏం పెద్దాయనా, టైరు భయపడతా ఉందా, నువ్వు భయపడతా ఉన్నావా?"

"మీ ఆవిడ వేయించిన చేప తిని బతికినోణ్ణి. నాకింక భయమేంట్రా."

వెర్నా అక్కడ నిలబడలేకపోయింది. లోపల పొయ్యి మీద కాఫీ ఉందని గొణిగి వచ్చేసింది. బల్ల పట్టుకుని నిలబడి విన్నది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత గాలం గాలిని కోసిన చప్పుడు. గుండు నీళ్లలో పడిన చప్పుడు. ఇప్పుడు బూతులు వినిపించాలి, లేదా ఎవరూ ఏమీ అనలేని నిశ్శబ్దం.

చప్పట్లు వినిపించాయి.

బయటికి పరుగెత్తింది. దారం నీళ్ల మీద తిన్నగా పడుకుని ఉంది. గుండు రోజూ పడే చోటే, డెల్మర్ లాగి కట్టిన టైరు మధ్యలో పడింది. ఆ వేలికి ప్రాణం వచ్చిందా? గాలి సాయం చేసిందా?

"ఎలా ఉంది మామయ్యా?" అంది.

"రోజూ ఎలా ఉంటదో అలాగే ఉంది." ఆయన ఆమె వైపు చూడకుండా దారం చుట్టుకుంటున్నాడు. "పో, తలుపులు తెరువు."

తెరిచింది. ఎవరివో రెండు రీళ్లకు పళ్లచక్రాలు మార్చింది. ఒకడికి వానపాములు అమ్మింది. ఇలా జరిగిందంటే రేపూ జరుగుతుంది, ఎల్లుండీ జరుగుతుంది, తను కోరుకున్నా ఈ దుకాణం మూతపడదు. మధ్యాహ్నం లొరెట్టాకు ఫోన్ చేసి, రాలేనక్కా, ఆ గది ఇంకెవరికైనా ఇచ్చెయ్యి అని చెప్పింది.  పక్కింటామె ఎప్పట్నుంచో అడుగుతోంది, ఇప్పుడే పిలిచి తాళం ఇచ్చేస్తా అని పెట్టేసింది అక్క.

మజ్జిగ గ్లాసూ, మొక్కజొన్న రొట్టే పట్టుకుని వంతెన మీదికి వెళ్లింది. మామగారు టోపీ ముఖం మీదికి లాక్కుని కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. పిలిచింది. పల్లీల పొట్లం మీద చీమ ఒకటి తిరుగుతోంది. ఇంకోసారి పిలవకుండానే తెలిసిపోయింది. రొట్టె చెక్క మీద పెట్టి, ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. చేతిలో మజ్జిగ అలాగే ఉంది.

పొద్దు వాలేసరికి వాళ్లూ వీళ్లూ వచ్చి ఆయన్ని తీసుకెళ్లారు. డెల్మర్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చి, వంతెన మీద మిగిలిపోయిన గాలాన్ని ఆమె బల్లకు ఆనించాడు. మెడ గోక్కుని వెళ్లిపోయాడు.

అలవాటు చొప్పున తుడుద్దామని గాలం కర్ర నుంచి రీలు ఊడదీసింది వెర్నా. గుడ్డ పట్టుకున్న చెయ్యి దారిలోనే ఆగింది.

ఆ బిళ్ళను ముట్టుకునేది తనొక్కతే అనుకుంది ఇన్నాళ్లూ.

దీపం దగ్గరికి జరిపింది. కండె మీద దారం ఒక్క పోగు చెదరకుండా చుట్టుకుని ఉంది. బిళ్ళ పది మీద ఉంది, దాని గాడుల్లో పల్లీల ఉప్పు తెల్లగా ఎండిపోయి.